గంటలపూడి బడిలో అరవై ఇద్దరు

సర్కారు బడుల్ని బలపరచాలని ప్రభుత్వం నిర్ణయించిన సంగతి మాకు 1974 ఏప్రిల్లో తెలిసింది. మాకు అంటే పంచాయతీ సమితి ఆఫీసులోని విద్యా సెక్షనుకి. విద్యా సెక్షను అంటే నేనూ, ఒక చెక్క బీరువా. బీరువాకి తాళం లేదు.

సర్క్యులరు పద్నాలుగు పేజీలు. మొదటి పది పేజీల్లో యూనివర్సిటీల సంగతి ఉంది. కొత్త భవనాలు, లాబొరేటరీలు, పరిశోధన. పదకొండో పేజీలో కాలేజీలు, పన్నెండులో హైస్కూళ్ళు. మా ఎలిమెంటరీ బడుల వంతు పదమూడో పేజీ అడుగున వచ్చింది. పద్నాలుగో పేజీ సంతకానికీ, కాపీలు ఎవరెవరికి పంపాలో చెప్పడానికీ సరిపోయింది. అయినా ఆ అడుగున ఉన్న నాలుగు వాక్యాలూ మంచివే. అయిదో తరగతి దాకా ఉన్న బడికి ఆరు, ఏడు తరగతులు కూడా ఇస్తారట. ఇంకో టీచరునీ ఇస్తారట. షరతు ఒక్కటే. ఆ ఊళ్ళో బడికి వచ్చే ఈడు పిల్లలు అరవైమందికి తగ్గకూడదు. పిల్లల జాబితా గ్రామ మునసబు దగ్గర ఒకటీ, స్థానిక పెద్దల దగ్గర ఒకటీ తెప్పించుకోవాలి.

నా పేరు వెంకటప్పయ్య. మాది విజయవాడ వన్ టౌను. మా అన్నదమ్ములందరూ అక్కడే ఎండుమిర్చి వ్యాపారంలో స్థిరపడ్డారు. నేనొక్కణ్ణే చదువుకుని గుమాస్తానయ్యాను. రోజూ పొద్దున్నే బస్సులో వచ్చి సాయంత్రం బస్సులో వెళ్ళేవాణ్ణి. నా సర్వీసులో నేను కూడిక తప్పు చేశానని ఎవరూ అనలేదు. ఇప్పుడు చెప్పబోయే దాంట్లోనూ కూడిక తప్పేమీ లేదు. ఆ ముక్క ముందే చెప్పేస్తే నాకు కాస్త నిమ్మళంగా ఉంటుంది.

సర్క్యులరు వచ్చిన వారానికే సంపూర్ణమ్మ గారు మా ఆఫీసుకి వచ్చారు. ఉయ్యూరుకి నాలుగు మైళ్ళ దూరంలో ఉన్న గంటలపూడి బడికి ఆవిడే హెడ్మిస్ట్రెస్సు, ఆవిడే అసిస్టెంటు, గంట కొట్టేదీ ఆవిడే. బడి ఊళ్ళో కాదు, ఊరి పక్క పాలెంలో ఉంది. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. గొంతు మాత్రం అయిదు తరగతులకీ ఒకేసారి వినపడేది. ఆవిడ వెంట పదకొండేళ్ళ పిల్ల ఒకతి వచ్చింది.

"ఈ పిల్ల మార్త. అయిదు పాసైంది సార్. సమితి మొత్తం మీద లెక్కల్లో మొదటి మార్కు దీనిదే. ఆరో తరగతి చదవాలంటే ఉయ్యూరు వెళ్ళాలి. నాలుగు మైళ్ళు నడక, మధ్యలో కాలువ, దాని మీద తాటిదుంగ. వాళ్ళ నాన్న పంపనంటున్నాడు. ఆడపిల్ల, నేనైనా పంపనేమో. జూన్లో మా బడికి ఆరో తరగతి రాకపోతే, ఫ్యాక్టరీ సీజను మొదలవగానే ఇది చెరుకు తోటలో మోపులు కట్టడానికి పోతుంది. ఒకసారి పోయిందా, ఇంక రాదు."

ఆవిడ చెబుతున్నంతసేపూ ఆ పిల్ల గోడకున్న ఎరువుల కంపెనీ క్యాలెండరు చదువుతోంది. అది అయిపోయాక బీరువా తలుపు మీద ఎప్పుడో అంటించిన ఓటర్ల జాబితా చదవడం మొదలుపెట్టింది. ఆ జాబితాని అంత శ్రద్ధగా చదివిన మనిషిని నేను చూడలేదు.

"జాబితాలు రానివ్వండి, చూద్దాం," అన్నాను. మా ఆఫీసులో ఎవరొచ్చినా అనే మాటే అది. కానీ ఆ రోజు నిజంగానే చూడాలనుకున్నాను.

జాబితాలు రెండూ మే నెలలో వచ్చాయి. ఒకటి గంటలపూడి మునసబు రత్తయ్య గారు పంపింది. వెంకటేశ్వర్లు, మంగమ్మ, సీతారామయ్య, లక్ష్మి, ఇలా ముప్ఫై ఒక్క పేర్లు. ఇంటిపేర్లు రాయడానికి కాగితంలో చోటు చాల్లేదని కింద ఒక గమనిక. రెండోది పాలెంలో సంఘపెద్ద ఇశ్రాయేలు గారు పంపింది. శౌరయ్య, మార్త, దానియేలు, రూతమ్మ, ఇలా ముప్ఫై ఒక్క పేర్లు. మునసబు గారిది ఊరి జాబితా, సంఘపెద్దది పాలెం జాబితా అనుకున్నాను. ఎవరైనా అలాగే అనుకుంటారు. ఊరూ పాలెమూ సరిసమానంగా పిల్లల్ని కన్నందుకు ముచ్చటపడ్డాను కూడా. వయసులు సైతం ఒకదానితో ఒకటి కలిశాయి. వాన ఒక ఏడు బాగా కురిస్తే అందరికీ కురుస్తుంది కదా అని సరిపెట్టుకున్నాను. ముప్ఫై ఒకటీ ముప్ఫై ఒకటీ అరవై రెండు. ఫైలు జిల్లాకి పంపాను.

జూన్ మొదటి వారంలో ఆర్డరు వచ్చింది. గంటలపూడి బడికి ఆరో తరగతి మంజూరు. డిప్యూటీ ఇన్‌స్పెక్టరు స్వయంగా వచ్చి పిల్లల్ని పేరుపేరునా పిలిచి సరిచూసుకున్నాక తరగతి మొదలుపెట్టాలి.

సంపూర్ణమ్మ గారు ఆర్డరు చదివి నా ఎదురు కుర్చీలో కూర్చున్నారు. అప్పటిదాకా ఆవిడ మా ఆఫీసులో కూర్చోవడం నేను చూడలేదు.

"అరవై రెండా?" అన్నారు.

"అవునండి. ఊళ్ళో ముప్ఫై ఒకటి, పాలెంలో ముప్ఫై ఒకటి."

"ఊళ్ళో పిల్లలు మా బడికి ఎప్పుడొచ్చారు సార్? రైతుల పిల్లలంతా ఉయ్యూరు కాన్వెంటుకే కదా పోయేది. మునసబు గారు రాసిందీ మా పాలెం పిల్లల పేర్లే. ఆయన రేషను కార్డులు చూసి రాశారు. ఇశ్రాయేలు గారు చర్చి పుస్తకం చూసి రాశారు."

నాకు అర్థం కాలేదు. అర్థమయ్యేలా ఆవిడే చెప్పారు, మూడో తరగతికి చెప్పినట్టు. పాలెంలో ప్రతి బిడ్డకీ రెండు పేర్లు. బాప్తిస్మంలో పాస్టరు గారు పెట్టేది ఒకటి. ఇంట్లో, వీధిలో, పొలంలో దాంతోనే పిలుస్తారు. సర్కారు కాగితాల్లో ఇంకొకటి. స్కాలర్‌షిప్పూ హాస్టలూ హరిజనులకి ఇస్తారు గానీ, అదే హరిజనుడు మార్త అనో దానియేలు అనో పేరు చెబితే ఇవ్వరు. అందుకని కాగితాల మీద మంగమ్మ, సీతారామయ్య. ఆవిడ బల్ల మీద రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి గీతలు గీసి చూపించారు. మంగమ్మే మార్త. వెంకటేశ్వర్లే శౌరయ్య. పాలెంలో ఉన్న పిల్లలు మొత్తం ముప్ఫై ఒక్కమంది.

వన్ టౌనులో నలభై ఏళ్ళు బతికాను. రోజూ బస్సులోంచి కాలువ అవతల ఆ పాలెం కనపడుతూనే ఉండేది. ఈ సంగతి నాకు తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరమూ రాలేదు.

వెంటనే గంటలపూడి వెళ్ళి రత్తయ్య గారిని కలిశాను. ఆయన వాకిట్లో పడక్కుర్చీలో ఉన్నారు.

"ఏమండీ మునసబు గారూ, ఊళ్ళో పిల్లల పేర్లు ఒక్కటీ రాయలేదేం?"

"మా పిల్లలు సర్కారు బడికి రారు కదండీ. రానివాళ్ళని ఎందుకు రాయడం, అబద్ధం అవుద్ది. మా మనవలు ముగ్గురూ కాన్వెంటేనండి. అట్టాగని సర్కారు బడి బాగుపడకూడదని కాదు. బాగుపడాలండి. తప్పకుండా బాగుపడాలి."

నేను సెలవు తీసుకుని లేచాను. మా అమ్మాయి కూడా కాన్వెంటులోనే చదువుతోంది.

మా సమితిలో ఇలాంటి ఇబ్బందికి ఒక పద్ధతి ఉంది. ఇన్‌స్పెక్షను రోజున పక్క ఊరి బడి నుంచి పిల్లల్ని అరువు తెచ్చి కూర్చోబెడతారు. వాళ్ళకి ఇన్‌స్పెక్షను వచ్చినప్పుడు వీళ్ళని పంపుతారు. పిల్లలకి ఎడ్లబండి షికారు. సంపూర్ణమ్మ గారికి ఆ సలహా చెప్పాను.

"అరువు పిల్లలు సాయంత్రానికి వాళ్ళ ఊరు పోతారు సార్. తెల్లారి బడిలో ఉండేది మళ్ళీ మావాళ్ళే. వద్దు. ఆ పేర్లన్నీ మా పిల్లలవే. ఎవరు పిలిచినా పలుకుతారు. ఒక్కరు కూడా అబద్ధం చెప్పరు," అన్నారు.

ఆ వారం రోజులూ నాకు అన్నం సయించలేదు. నా ఉద్యోగం పోతుందన్న భయం కొంత, ఆ పిల్ల చెరుకు తోటకి పోతుందన్న బాధ కొంత. ఏది ఎంతో నిజాయితీగా చెప్పలేను.

ఇన్‌స్పెక్షను రోజు డిప్యూటీ ఇన్‌స్పెక్టరు వెంకటకృష్ణారావు గారు జీపులో చుట్టుదారిన వచ్చారు. ఆ జిల్లాకి కొత్త. నలభై అయిదేళ్ళుంటాయి. ఇస్త్రీ మడత నలగని చొక్కా, చేతిలో రుమాలు. ఆయన నవ్వగా చూసినవాళ్ళు లేరని మా ఆఫీసులో చెప్పుకునేవారు. రత్తయ్య గారు ఊళ్ళోకి రమ్మని, భోజనం చేసి తీరిగ్గా చూడొచ్చని పిలిచారు. పని ముందన్నారు ఆయన.

పిల్లలు చాపల మీద వరసగా కూర్చున్నారు. తల నూనె వాసన గదంతా నిండింది. కిటికీల దగ్గర తల్లులు నిలబడ్డారు. కూలి మానుకుని వచ్చారు. సంపూర్ణమ్మ గారు నల్లబల్ల పక్కన, నేను తలుపు పక్కన.

ఆయన మునసబు గారి జాబితా తీసి తల ఎత్తకుండా చదివారు. పేరు పిలవగానే "ఉన్నానండి" అని ఒక గొంతు, ఆయన చేతిలో ఒక టిక్కు. ముప్ఫై ఒక్క టిక్కులూ పడ్డాయి. ఆ కాగితం పక్కన పెట్టి ఇశ్రాయేలు గారి జాబితా తీశారు.

"శౌరయ్య."

"ఉన్నానండి."

"దానియేలు."

"ఉన్నానండి."

నాలుగో పేరు దగ్గర పెన్ను ఆగింది. తల ఎత్తారు.

"ఇందాక వెంకటేశ్వర్లు అంటే పలికింది నువ్వే కదా?" అని మొదటి వరసలో పిల్లవాణ్ణి అడిగారు.

"అవునండి."

"మరి శౌరయ్య?"

"అదీ నేనేనండి. వెంకటేశ్వర్లు కార్డులో అండి. శౌరయ్య ఇంటికాడ అండి."

ఆయన నావైపు చూశారు. నేను గోడ మీది ఇండియా పటంలో ఒరిస్సా వైపు చూశాను.

"ఒక మనిషికి ఒకటే పేరు," అన్నారు ఆయన చివరికి. "ఒక్కొక్కరూ లేచి తమ పేరేమిటో చెప్పండి. రెండోది కొట్టేస్తాను. ఎంతమంది మిగిలితే అంతమందే అని రాస్తాను."

శౌరయ్య లేచాడు. కిటికీ వైపు చూసి, "వెంకటేశ్వర్లండి," అన్నాడు. ఆయన శౌరయ్య మీద గీత గీశారు. కిటికీలోంచి వాళ్ళమ్మ బుల్లెమ్మ, "అయ్యా, అది మా నాన్న పేరయ్యా," అంది. ఆయన తర్వాతి పిల్లవాణ్ణి లేవమన్నారు. దానియేలు సీతారామయ్యని అన్నాడు. రూతమ్మ లక్ష్మినంది. లేచినవాళ్ళందరూ కార్డులో పేరే చెప్పారు. సర్కారువారు అడిగితే అదే చెప్పాలని పుట్టినప్పటి నుంచీ నేర్పారు కదా. ఒక్కొక్క గీతకీ కిటికీ దగ్గర ఒక్కొక్క తల్లి తల దించుకుంది. సంపూర్ణమ్మ గారు సుద్దముక్కని నలిపి పొడి చేస్తున్నారు.

ఏడో పిల్ల మార్త.

"నీ పేరు?" అన్నారు ఆయన.

"ఏ పేరుకి ఆరో తరగతి ఇస్తారండీ?"

"ముందు నీ పేరు చెప్పు."

"ఆరో తరగతి ఏ పేరుకి ఇస్తే అదేనండి నా పేరు. రెండోది కొట్టేసుకోండి," అంది.

పొగరు లేదు ఆ మాటలో. ఏడుపూ లేదు. లెక్కకి జవాబు చెప్పినట్టు చెప్పింది. నాకు కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. సిగ్గుతో వచ్చాయి. ఆ పిల్ల ముందు నేనూ, నా బీరువా, పద్నాలుగు పేజీల సర్క్యులరూ ఎందుకూ కొరగానివాళ్ళమనిపించింది.

వెంకటకృష్ణారావు గారు కాగితం మీంచి చెయ్యి తీశారు. పెన్నుకి మూత పెట్టారు.

"ఇంట్లో ఏమని పిలుస్తారు?"

"మార్తా అనేనండి."

ఆయన కాస్త ముందుకి వంగారు. "మా అమ్మ నన్ను ఏసుపాదం అంటుంది," అన్నారు.

ఆ మాట ఆ పిల్లకీ, సంపూర్ణమ్మ గారికీ, నాకూ తప్ప ఇంకెవరికీ వినపడలేదు. రత్తయ్య గారు బయట కొబ్బరి బొండాలు కొట్టిస్తున్నారు. అనేశాక ఆయన రుమాలు తీసి నోటికి అడ్డం పెట్టుకున్నారు. మళ్ళీ పెన్ను మూత తీసి, కొట్టేసిన ఆరు పేర్లనీ మొదటిలాగే ఉంచాలని పక్కన రాసి పొట్టి సంతకాలు చేశారు. రెండో జాబితాలో మిగిలిన పేర్లన్నీ పిలిచారు. పిల్లలు పలికారు. అడుగున, హాజరు అరవై రెండు అని అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాశారు.

జీపు ఉయ్యూరు దాటాక నావైపు తిరగకుండానే, "మీ కూడిక సరిగ్గానే ఉంది వెంకటప్పయ్య గారూ," అన్నారు.

"చిత్తమండి."

"ఆ పేరు మాత్రం మీరు వినలేదు."

"ఏ పేరండీ?" అన్నాను.

జూలైలో ఆరో తరగతి మొదలైంది. తొమ్మిదిమంది పిల్లలు, రిజిస్టరులో పద్ధెనిమిది పేర్లు. రోజూ పొద్దున హాజరు పిలిస్తే ప్రతి బిడ్డా రెండుసార్లు పలకాలి. సర్కారు గోధుమనూక అరవై ఇద్దరికి వచ్చేది. ఉప్మా ముప్ఫై ఒక్కరు తినేవారు. ప్రభుత్వం ఆ బడిని బలపరచిందనడానికి నా దగ్గరున్న గట్టి రుజువు ఆ రెండేళ్ళలో పిల్లల బుగ్గలు. కొత్త టీచరు ఛాయాదేవి గారు కూడా వచ్చారు. వచ్చిన రోజునే తాటిదుంగని చూసి మెడికల్ లీవు పెట్టారు. ఏడు తరగతులూ సంపూర్ణమ్మ గారే చెప్పారు.

డెబ్భై ఆరులో ఏడో తరగతి పబ్లిక్ పరీక్ష వచ్చింది. ఒక మనిషికి ఒకే హాల్ టిక్కెట్టు. తొమ్మిదిమందీ కార్డు పేరుతో ఫీజు కట్టారు. తొమ్మిదిమందీ పాసయ్యారు. సమితిలో మొదటి మార్కు మంగమ్మది. విజయవాడలో ఆడపిల్లల హాస్టల్లో సీటిచ్చారు, హైస్కూల్లో చేర్చుకున్నారు.

ఆ ఏడు దసరా ముందు ఇంకో సర్క్యులరు వచ్చింది. మధ్యలో బడి మానేసిన పిల్లల్ని గుర్తించి తిరిగి చేర్పించాలని. జిల్లాలో అందరికంటే ఎక్కువమంది బడి మానేసింది గంటలపూడిలో అని తేలింది. పద్ధెనిమిదిమంది చేరితే తొమ్మిదిమందే పరీక్ష రాశారు, సగానికి సగం. గుమాస్తా స్వయంగా వెళ్ళి కారణాలు రాసుకురావాలన్నారు. మానేసినవాళ్ళెవరూ లేరని చెప్పాలంటే అరవై రెండు ఎలా వచ్చిందో చెప్పాలి. అది చెబితే ఏసుపాదం గారి దాకా పోతుంది. పరీక్ష రాయని ఆ తొమ్మిది చర్చి పేర్లూ సర్క్యులరుతో వచ్చిన ఫారం మీద రాసుకుని బస్సెక్కాను.

దసరా సెలవులు. మార్త ఇంటి ముందు పీట మీద కూర్చుని పుస్తకం చదువుకుంటోంది. పొడుగైంది. జడకి హాస్టలు రిబ్బను. నన్ను గుర్తుపట్టి లేచి పీట నాకు వేసింది. వాళ్ళమ్మ సువార్తమ్మ లోపల పొయ్యి దగ్గర ఉంది.

నేను కాగితం తీశాను. ఏం రాయాలో ఇంటి దగ్గరే అనుకుని రావచ్చు. కానీ అడగకుండా రాయడం నాకు అలవాటు లేదు.

"మార్త," అన్నాను.

"మానేసిందండి," అంది. వెంటనే అర్థమైంది ఆ పిల్లకి. నవ్వింది కూడా.

"కారణం?"

"హాస్టల్లో మంగమ్మకే చోటుందండి."

అలాగే రాశాను. ఆఖరి గడిలో ఒక ప్రశ్న అచ్చువేసి ఉంది. అది చదవకుండా వచ్చేద్దామనుకున్నాను. నా పాడు అలవాటు ఊరుకోనివ్వలేదు.

"తిరిగి బడికి రావడానికి ఇష్టమేనా?"

ఆ పిల్ల నవ్వు ఆగింది. ఒకసారి లోపలికి, వాళ్ళమ్మ వైపు చూసింది. గొంతు తగ్గించింది.

"రానిస్తారాండీ?" అంది.

ఆ గడిలో అవును అనో కాదు అనో తప్ప ఇంకేమీ పట్టదు. అవును అని రాశాను. తక్కిన ఎనిమిది పేర్ల ఎదురుగానూ, జీవితంలో మొదటిసారి ఎవర్నీ అడక్కుండా, అవును అనే రాసుకుని బస్సెక్కాను.